విశ్వాసి చూపు ఎక్కడ ఆగిపోతుంది? ఆత్మీయ అంధత్వం గురించి ఒక సహోదరునికి సమాధానం

సహోదరునికి ప్రభువు నామంలో వందనాలు.

చదివే మిగతావారికి కూడా తెలిసేందుకు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. మీరు హనుమకొండలో ఉంటారు. బాప్తిస్మం పొంది చాలా ఏళ్ళయింది, సండే స్కూలులో పిల్లలకు వాక్యం నేర్పిస్తున్నారు. కొంతకాలంగా బైబిలు తెరిస్తే ఏ మాటా మనసుకు తాకడం లేదని, ప్రార్థన పెదవుల దగ్గరే ఆగిపోతున్నదని, సంఘంలో ఒక పెద్దాయన దీనిని ఆత్మీయ అంధత్వమని చెప్పి 21 రోజుల ఉపవాసం చేయమన్నారని రాశారు. ఇది నిజంగా అంధత్వమేనా, ఉపవాసంతో పోతుందా, పోయేవరకు సండే స్కూలు బాధ్యత వదిలెయ్యాలా అని అడిగారు. వీటి మధ్యలో, నాన్నగారి ఇంటి పంపకాల తరువాత కాజీపేటలో ఉంటున్న మీ అన్నగారితో మాటలు లేవని కూడా ఒకే ఒక్క వాక్యంలో రాశారు. మీ ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ వాక్యమే.

అయితే దాని దగ్గరికి వెళ్ళేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ప్రార్థనలో ఎండిపోయినట్లు అనిపించిన ప్రతిసారీ అది అంధత్వం కాదు. దుఃఖంలో ఉన్నవారికి, దీర్ఘకాలం జబ్బుతో ఉన్నవారికి, పని భారంతో అలిసిపోయినవారికి కూడా వాక్యం రుచించదు. 88వ కీర్తన ఆరంభం నుంచి చివరి మాట వరకు చీకటిలోనే ఉంటుంది, అయినా దానిని రాసిన భక్తుణ్ణి లేఖనం ఎక్కడా గ్రుడ్డివాడని అనలేదు. వెలుగు లేక చీకటిలో నడిచేవాడు యెహోవా నామాన్ని ఆశ్రయించాలని యెషయా 50వ అధ్యాయం చెబుతున్నప్పుడు, దేవునికి భయపడేవాడు సైతం చీకటిలో నడవవలసి రావచ్చునని ఒప్పుకుంటున్నది. మీకు నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గిపోవడం, ఏ పని మీదా మనసు లేకపోవడం వంటివి వారాల తరబడి ఉంటే, ముందు వైద్యుణ్ణి కలవండి. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు, ఫోనులో మాట్లాడాలంటే ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో దొరుకుతుంది. అలా వెళ్ళడం విశ్వాసం లేకపోవడం కాదు. మన సంఘాల్లో ఈ తేడా చూడకుండా, బాధలో ఉన్నవారి మీద అంధత్వమనే మాట మోపడం చాలాసార్లు జరుగుతున్నది, అది నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

మీ ఉత్తరంలో అటువంటి లక్షణాలేవీ నాకు కనిపించలేదు. ఉద్యోగం సాగుతున్నది, ఇల్లు సాగుతున్నది, పాటలు పాడుతున్నారు, పిల్లలకు కథలు చెబుతున్నారు, వాక్యం మాత్రం మాట్లాడటం లేదు. కాబట్టి పెద్దాయన పెట్టిన పేరు సరైనదే కావచ్చునని నేను కూడా అనుకుంటున్నాను. ఆయన చెప్పిన మందు దగ్గరే నాకు కొంత చెప్పవలసింది ఉంది.

అంధత్వం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా 2 కొరింథీయులకు 4:4 ఎత్తుతాము. ఈ యుగ సంబంధమైన దేవత మనోనేత్రాలకు గ్రుడ్డితనం కలుగజేసిందని అక్కడ పౌలు చెప్పింది అవిశ్వాసుల గురించి. విశ్వాసి గ్రుడ్డితనం గురించి నేరుగా చెప్పినది 2 పేతురు 1:9. విశ్వాసానికి సద్గుణం, జ్ఞానం, ఆశానిగ్రహం, సహనం, భక్తి, సహోదరప్రేమ, దయ ఒకదాని వెంట ఒకటి అమర్చుకోవాలని చెప్పిన తరువాత, ఇవి లేనివాడు తన పూర్వపాపములకు శుద్ధి కలిగిన సంగతి మరచిపోయి గ్రుడ్డివాడును దూరదృష్టి లేనివాడును అవుతాడని అక్కడ ఉంది. ఈ వరుసలో భక్తి దగ్గర ఆగకుండా దాని తరువాత సహోదరప్రేమను పెట్టడం గమనించండి. భక్తి దాకా వచ్చి ఆగిపోయినవారు మన మధ్య చాలామంది ఉన్నారు. ఉపవాస కూడికలకు తప్పకుండా వస్తారు, దశమభాగం ఇస్తారు, అధ్యాయాలకు అధ్యాయాలు కంఠస్థంగా చెబుతారు, కానీ ఇంటి గడప దాటి తోడబుట్టినవారి గడప తొక్కరు. వారికి తెలియని వాక్యం లేదు. తాము క్షమాపణ పొందినవారమన్న సంగతి మాత్రం జ్ఞాపకంలో నుంచి జారిపోయింది, కనుక ఇతరుల బాకీ పెద్దదిగా కనిపిస్తుంది.

ఇన్నేళ్ళుగా బైబిలు తరగతులు చెబుతూ, కుటుంబాలతో కూర్చొని మాట్లాడుతూ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది. విశ్వాసి చూపు అంతా ఒక్కసారి పోదు. ఒక చోట పోతుంది. ఆ చోటు ఏదో ఒక మనిషి కావచ్చు, ఒక లావాదేవీ కావచ్చు, ఒక అలవాటు కావచ్చు. అక్కడ దేవుడు ఒకప్పుడు స్పష్టంగా చూపించాడు, మనం ముఖం తిప్పుకున్నాము. ఆ తరువాత వాక్యం చదివినప్పుడల్లా ఆ చోటును తప్పించి చదవడం అలవాటవుతుంది, అలా తప్పించి చదవగా చదవగా వాక్యమంతా నిస్సారమవుతుంది. అందువల్ల కొత్త వెలుగు కోసం వెతకడం కంటే, ఇంతకుముందు చూసి వదిలేసిన చోటికి తిరిగి వెళ్ళడమే దీనికి మార్గమని నేను నమ్ముతున్నాను.

దావీదు సంగతి చూడండి. బత్షెబ కోసం ఆమె భర్త ఊరియాను చంపించాక చాలా నెలలు గడిచాయి, ఆమెకు దావీదు బిడ్డ కూడా పుట్టాడు. ఆ కాలంలో దావీదు రాజ్యపాలన మానలేదు. నాతాను ప్రవక్త వచ్చి ఒక ధనికుడు బీదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను పట్టుకొనిపోయిన కథ చెప్పగానే దావీదుకు కోపం మండిపోయింది, ఆ మనిషి మరణపాత్రుడని, నాలుగింతలు తిరిగి ఇవ్వాలని తీర్పు కూడా చెప్పాడు. న్యాయం విషయంలో అతని చూపు అంత పదునుగా ఉంది, తన ఇంటి విషయంలో మాత్రం పూర్తిగా మూసుకుపోయింది. ‘ఆ మనుష్యుడవు నీవే’ అని ఒకడు ముఖం మీద చెప్పవలసి వచ్చింది.

పేతురు జీవితంలో ఇది ఇంకా స్పష్టం. మార్కు 8వ అధ్యాయంలో బేత్సయిదాలో యేసు ఒక గ్రుడ్డివానిని బాగుచేశాడు. అది పేతురు సొంత ఊరని యోహాను సువార్త చెబుతుంది. మొదటిసారి చేతులుంచాక ఆ మనిషి, మనుష్యులు చెట్లవలె ఉండి నడుస్తున్నట్లు కనబడుతున్నారని ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. ప్రభువు మరల చేతులుంచాడు, అప్పుడు అన్నీ తేటగా కనిపించాయి. వెంటనే తరువాతి భాగంలో పేతురు ‘నీవు క్రీస్తువు’ అని ఒప్పుకొని, కొద్దిసేపటికే సిలువ మాట వినలేక ప్రభువునే గద్దించబోయాడు. క్రీస్తు ఎవరో కనబడింది, ఆయన వెళ్ళే మార్గం కనబడలేదు. సంవత్సరాల తరువాత యొప్పేలో దర్శనం చూసి, యూదుడు కాని కొర్నేలీ ఇంట్లో అడుగుపెట్టి, దేవుడు పక్షపాతి కాడని తన నోటితోనే చెప్పిన పేతురు, అంతియొకయలో అన్యజనుల బల్ల దగ్గర నుంచి లేచి పక్కకు తప్పుకున్నాడు. సున్నతి పొందిన యూదులకు భయపడి అలా చేశాడని గలతీయులకు 2వ అధ్యాయం చెబుతుంది. బర్నబా కూడా ఆ వేషధారణలో పడిపోయాడు. పౌలు అందరి ఎదుట నిలదీశాడు. ఇవన్నీ గడిచిన మనిషి పేరుతోనే గ్రుడ్డితనం గురించిన ఆ హెచ్చరిక మనకు అందింది, అందుకే దానిని నేను తేలికగా తీసుకోలేను.

అంతియొకయ గురించి ఇంకొక్క మాట చెప్పక తప్పదు. మన వరంగల్, కరీంనగర్ ప్రాంతాల సంఘాల్లో ప్రభు బల్ల దగ్గర ఒకే గిన్నెలో తాగి, బయటికి వచ్చి పెళ్ళి సంబంధం మాట రాగానే ‘వాళ్ళు ఎవరు?’ అని కులం అడిగేవారు లేరని ఎవరైనా అనగలరా? క్రీస్తులో యూదుడని, గ్రీసు దేశస్థుడని లేదని మనకు వచనం నోటికి వస్తుంది. ఒకే ఊళ్ళో రెండు వాడలకు రెండు ప్రార్థన మందిరాలు ఎందుకున్నాయో అడిగితే మాత్రం జవాబు రాదు. కట్నం సంగతీ అంతే. ఇది ఒక్కొక్కరి గ్రుడ్డితనం కాదు, అందరం కలిసి ఒకరి చూపును ఒకరం ఆపుకుంటున్న గ్రుడ్డితనం. చుట్టూ ఉన్న అందరికీ అదే అలవాటైనప్పుడు కనిపించకపోవడమే సహజమైపోతుంది.

జాన్ న్యూటన్ జీవితం దీనికి పెద్ద సాక్ష్యం. 1748లో సముద్రం మీద తుఫానులో ప్రాణభయంతో దేవునికి మొరపెట్టి మారుమనస్సు పొందాడు. ఆ తరువాతనే, 1750 నుంచి 1754 వరకు, ఆఫ్రికా మనుషులను బానిసలుగా తరలించే ఓడలకు కెప్టెనుగా పనిచేశాడు. పైన నావికులకు ఆదివారం ఆరాధన జరిపించేవాడు, కింద అరల్లో మనుషులు సంకెళ్ళతో ఉండేవారు. జబ్బు చేసి సముద్రం వదిలాడు, 1764లో సంఘ సేవకుడయ్యాడు, ‘ఒకప్పుడు గ్రుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను’ అనే అర్థం వచ్చే మాటలున్న అమేజింగ్ గ్రేస్ కీర్తనను 1773 నూతన సంవత్సర ఆరాధన కోసం రాశాడు. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా, తన పాత్రను ఒప్పుకుంటూ బహిరంగంగా పుస్తకం ప్రచురించింది 1788లో, అంటే ఆ కీర్తన తరువాత మరో 15 ఏళ్ళకు. ఆ మారుమనస్సు అబద్ధమని నేను అనను. నిజంగా చూపు వచ్చిన మనిషికి కూడా, తాను నిలబడిన చోటే ఇంత పెద్ద అన్యాయం ఇంతకాలం కనబడకపోవచ్చునన్నదే మనం భయంతో గ్రహించవలసినది. ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ బ్రిటన్ 1807లో చట్టం చేసింది, అదే ఏడాది చివర ఆయన కన్నుమూశాడు.

అంధత్వం ఉన్నవారికి అది ఉన్నట్లు ఎందుకు తెలియదని మీరు అడగవచ్చు. 2018 ఆగస్టు 15న మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలైనప్పుడు ఊళ్ళలో బడి గదుల్లో కంటి పరీక్షలు పెట్టారు. ‘నా కండ్లకేం గాలే, మంచిగనే కనవడ్తది’ అంటూనే కుర్చీలో కూర్చున్న పెద్దలు, అద్దం పెట్టగానే ఎదుటి గోడ మీది అక్షరాలు చూసి మాట లేకుండా ఉండిపోవడం నేను చూశాను. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తగ్గినది కాబట్టి తగ్గినట్లు వారికి తెలియదు. ప్రకటన గ్రంథంలో లవొదికయ పట్టణపు సంఘానికి ప్రభువు చెప్పినది కూడా ఇదే, ‘గ్రుడ్డివాడవై యున్నావని యెరుగక’ అని. క్రీ.శ. 60లో భూకంపంతో కూలిపోయిన ఆ పట్టణం రోము సహాయం లేకుండా తన సొంత సంపదతోనే తిరిగి నిలబడింది. నాకేమియు కొదువలేదు అనే మాట ఆ ఊరి గాలిలోనే ఉండేది, సంఘంలోకి కూడా వచ్చింది. కంటికి కాటుక కావాలంటే తన దగ్గరే కొనుక్కోమని ప్రభువు వారికి బుద్ధి చెప్పాడు. పరిసయ్యులతో యోహాను 9:41లో ఆయన అన్నదీ ఇంతే: చూస్తున్నామని చెప్పుకోవడం వల్లనే వారి పాపం నిలిచి ఉంది. కనుక మీకు కనబడటం లేదని మీరే రాయడం మంచి గుర్తు. బేత్సయిదా మనిషిలాగా, మసకగా ఉన్నదానిని మసకగా ఉందని చెప్పగలిగారు.

ఇక ఉపవాసం. నేను ఉపవాసానికి వ్యతిరేకిని కాను. కానీ యెషయా 58వ అధ్యాయం పూర్తిగా చదవండి. ఆ ప్రజలు కూడా ఉపవాసముంటున్నాము, దేవుడు ఎందుకు చూడడం లేదని అడిగినవారే. దేవుడు తనకిష్టమైన ఉపవాసమేదో చెబుతూ, ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడంతోపాటు ‘నీ రక్తసంబంధికి ముఖము తప్పింపకుండుట’ కూడా అందులో చేర్చాడు. ఆలాగు చేస్తే నీ వెలుగు వేకువ చుక్కవలె ఉదయిస్తుందని ఆ వెంటనే ఉంది. మీరు అడిగిన వెలుగు ఆ వాగ్దానంలోనే ఉంది సహోదరా, దానికి పెట్టిన షరతు మీ ఉత్తరంలోని ఆ ఒక్క వాక్యానికి తగులుతున్నది. తన సహోదరుణ్ణి ద్వేషించేవాని కన్నులకు చీకటి గ్రుడ్డితనం కలుగజేసిందని 1 యోహాను 2:11 కూడా చెబుతుంది. మీరు ద్వేషిస్తున్నారని నేను తీర్పు చెప్పడం లేదు, అది మీకూ దేవునికీ మధ్య తేలవలసినది. కానీ వెతకవలసిన మొదటి చోటు అదేనని అనుకుంటున్నాను.

పరకాల వైపు ఒక ఊళ్ళో ఇంటి కూడికలో జరిగినది చెబుతాను. పత్తి చేను పనులు చేసుకునే ఒక పెద్దమ్మ ఉండేది, చదువు రాదు, మనవరాలు పక్కన కూర్చొని వాక్యం చదివి వినిపించేది. పొలం గెట్టు దగ్గర ఆమెకు తోటికోడలితో చాలా కాలంగా పంచాయితీ, మాటలు బంద్. ఆ రోజు ఆ పిల్ల 1 యోహాను రెండో అధ్యాయం చదువుతూ ఈ వచనం దాటిపోతుంటే, ‘మల్ల సదువు బిడ్డా’ అని ఆపింది. మళ్ళీ చదివించుకున్నది. తరువాత చెప్పులు వేసుకొని, కొంగు సర్దుకొని, కూడిక నడుస్తుండగానే వీధి దాటి తోటికోడలి ఇంటికి పోయింది. మేము పాట పాడుకుంటూ ఉన్నాము, ఆమె చాలాసేపటికి తిరిగి వచ్చింది. గెట్టు సంగతి ఆ రోజు తేలలేదు, ఆ తరువాత సర్వేయరు వచ్చి కొలిచాడు, ఆమెకు కొంత నష్టమే జరిగింది. మరొక కూడికలో సాక్ష్యం చెబుతూ, ‘గిదే వాక్యం ఎన్నిసార్లు విన్ననో, నా తోటికోడలు మొకం ఎన్నడూ కండ్లవడలే అండ్ల’ అన్నది. వేదాంత కళాశాలలో నేర్పే ఏ నిర్వచనం కంటే ఆ మాట నాకు ఎక్కువ నేర్పింది.

మీరు చేయవలసిన దాని గురించి కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతో వెళ్ళి గొడవ పెంచుకొని వచ్చినవారిని కూడా చూశాను. ముందు 139వ కీర్తన చివరి రెండు వచనాలతో ప్రార్థించండి, ‘నన్ను పరిశోధించు’ అన్న చోట ఆగి, పంపకాల సమయంలో మీరు అన్న మాటలను, దాచిన సంగతులను పేర్లు పెట్టి దేవుని ఎదుట చెప్పండి. పాపములన్నీ క్షమించు అనే సాధారణ ప్రార్థన ఇక్కడ చాలదు. అన్నగారు చేసినవి ఆ ప్రార్థనలోకి తేకండి, అవి వేరే రోజు చెప్పుకోవచ్చు. తరువాత, మీకు క్షమాపణ ఎలా దొరికిందో, ప్రభువు మీ దగ్గర ఏ బాకీ కొట్టేశాడో నెమ్మదిగా గుర్తు చేసుకోండి. 2 పేతురు 1:9లోని గ్రుడ్డివాడు మరచిపోయినది దానినే కదా.

మీ సంఘంలో మీకు మొహమాటం లేకుండా నిజం చెప్పగల ఒక వ్యక్తిని, పాస్టరు గారినైనా మరెవరినైనా, కలిసి ఈ సంగతి చెప్పండి. దావీదుకు నాతాను, కన్నులు కనబడక దమస్కులో కూర్చున్న సౌలుకు అననీయ అవసరమయ్యారు. మిమ్మల్ని ఎప్పుడూ మెచ్చుకునే స్నేహితుడు దీనికి పనికిరాడు. సంఘంలో అందరితోనూ చెప్పకండి, అది ప్రార్థన మనవి పేరుతో అన్నగారి పరువు తీయడమవుతుంది.

ఆపై అన్నగారింటికి మీరే వెళ్ళండి. వాట్సాప్‌లో సందేశం పెట్టి ఊరుకోకండి, మొదటిసారే పెద్దమనుషులను వెంటబెట్టుకొని పోకండి. మత్తయి 18:15లో ప్రభువు నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు అన్నాడు. మొదటి రోజున ఇంటి లెక్కలు ఎత్తకండి. వదినగారు తలుపు తీస్తే ముందు ఆమెను పలకరించండి, ఇటువంటి గొడవల్లో ఆడవాళ్ళు పడిన మాటలు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీ వైపు తప్పును చెప్పి క్షమాపణ అడగండి, ‘కానీ నువ్వు కూడా’ అనే మాట నోటి దాకా వచ్చినా ఆపుకోండి. క్షమించడమంటే న్యాయంగా రావలసిన వాటా వదులుకోవడమని నేను చెప్పడం లేదు. వాటా సంగతి ఇద్దరికీ నమ్మకమున్న మూడో మనిషి సమక్షంలో తరువాత మాట్లాడుకోవచ్చు. ఆయన తలుపు మూసినా, కటువుగా మాట్లాడినా, రోమీయులకు 12:18లో ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు’ అని ఉంది. మీ చేతనైనంత మట్టుకే మీరు జవాబుదారులు.

ఆ రాత్రే బైబిలు తెరవగానే కాంతి వచ్చేస్తుందని నేను మాట ఇవ్వను. బేత్సయిదాలో ప్రభువు చేయి రెండుసార్లు వేశాడు. కొందరికి వారాలు పడుతుంది. ఆ లోపు మార్కు సువార్త 8:22 నుంచి 10వ అధ్యాయం చివరి వరకు రోజుకు కొంచెంగా చదవండి, ఆ భాగం ఒక గ్రుడ్డివానితో మొదలై, నాకు దృష్టి కలుగజేయుమని వేడుకున్న గ్రుడ్డి బర్తిమయితో ముగుస్తుంది, మధ్యలో అంతా శిష్యుల మసక చూపే. ఆ తరువాత కూడా ఎండిపోయినట్లే ఉంటే, ఇంకో చోటు ఏదైనా ఉందేమో దేవుణ్ణి అడగండి, ఉపవాసం చేయాలనిపిస్తే అప్పుడు చేయండి.

సండే స్కూలు మానకండి. నెల మొదటి ఆదివారం మీ సంఘంలో ప్రభు బల్ల ఉంటే, దానికి ముందే అన్నగారిని కలవడానికి ప్రయత్నించండి, మత్తయి 5:24 ఆ క్రమాన్నే చెబుతుంది: మొదట సహోదరునితో సమాధానపడి, తరువాత వచ్చి అర్పణ పెట్టడం. పిల్లలకు ఇప్పుడు చెబుతున్న పాఠాలు అలాగే చెప్పండి, వారికి ఈ గొడవ వివరాలు చెప్పనక్కరలేదు. ఈ కొద్ది వారాలు పాఠానికి ముందు కొత్త వివరణల కోసం వెతకడం తగ్గించి, అదే భాగాన్ని మీ కోసం ఒకసారి నిదానంగా చదువుకోండి. అన్నగారిని కలిసిన తరువాత వీలైతే మళ్ళీ రాయండి. ఆయన వినకపోయినా సరే రాయండి, అప్పుడు ఏం చేయాలో కలిసి ఆలోచిద్దాం.